సీఎన్‌జీలో మాత్రమే జర్కులు: 42 వేల కి.మీ.కి స్పార్క్ ప్లగ్‌లు మార్చాలా, క్లీన్ చేయిస్తే చాలా?

చిన్నబండి:
3 సిలిండర్ల 1.0 లీటర్ పెట్రోల్ ఇంజిన్, సీఎన్‌జీ కిట్ కంపెనీదే. 42,000 కి.మీ. తిరిగింది, ప్లగ్‌లు మొదట్నుంచీ అవే, నికెల్‌వి. పెట్రోల్‌లో ఏ తేడా లేదు. సీఎన్‌జీలో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే జర్కులు. చెక్ ఇంజిన్ లైట్ ఒకసారి వెలిగి ఆరిపోయింది, స్కాన్ చేస్తే పీ0302 అనే కోడ్ చూపించింది. ప్లగ్‌లు గీకి, స్పార్క్ దూకే మొనల మధ్య గ్యాప్ సెట్ చేస్తే ఇంకో 20 వేలు లాగుతాయని షెడ్డులో అంటున్నారు. నమ్మొచ్చా? మారిస్తే ఇరీడియం వేయించాలా?

నాలుగోగేరు:
గీకించకండి, మార్చేయండి. నికెల్ ప్లగ్ ఆయుష్షే 30-40 వేలు. కొత్త ప్లగ్‌లో మధ్య ఎలక్ట్రోడ్ అంచు పదునుగా ఉంటుంది, స్పార్క్ ఆ అంచు నుంచే సులువుగా దూకుతుంది. అరిగి గుండ్రమయ్యాక గ్యాప్ ఎంత దగ్గరకు వంచినా పోయిన అంచు తిరిగి రాదు. పైగా వైర్ బ్రష్‌తో రుద్దితే ఆ లోహం పింగాణీ ముక్కు మీద చారలుగా అంటుకుంటుంది. కరెంటు గ్యాప్ దూకే బదులు ఆ దారిన జారిపోతుంది.

పెట్రోల్‌లో బాగుండి గ్యాస్‌లో తడబడటం అరిగిన ప్లగ్‌కి తరచూ కనిపించే గుర్తు. సీఎన్‌జీ అంటుకోవడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. ఎత్తు ఎక్కుతూ తొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి అది ఇంకా పెరుగుతుంది. గ్యాప్ కూడా పెరిగి ఉంటే, ప్లగ్‌కి హై వోల్టేజ్ ఇచ్చే కాయిల్‌కి ఇక శక్తి చాలదు. గ్యాస్ మీద తిరిగే బండికి మాన్యువల్‌లో వేరే కి.మీ. లెక్క ఇచ్చారేమో చూడండి.

పదహారు_పానా:
ప్లగ్‌లు కొనే ముందు ఒక్క పని. పీ0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే ఇంధనం సరిగా అంటుకోవట్లేదు. రెండో కాయిల్ తీసి ఒకటో దాంట్లో, ఒకటోది రెండో దాంట్లో పెట్టి, కోడ్ చెరిపి నడపండి. కోడ్ పీ0301గా మారితే తప్పు కాయిల్‌ది. మారకపోతే ముందు ప్లగ్‌ని అనుమానించాలి. లైట్ మిణుకుమిణుకుమంటూ ఉంటే మాత్రం తొక్కి నడపొద్దు, కాలని ఇంధనం వెళ్లి, పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది.

తీసేది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. ప్లగ్‌లు బిగించే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, అల్యూమినియంది, వేడి మీద విప్పితే మరలు ప్లగ్‌తోపాటే ఊడొస్తాయి. కాయిల్ తీయగానే గుంతలోకి గాలి కొట్టండి, లేదంటే అక్కడి ఇసుకంతా సిలిండర్‌లో పడుతుంది. కొత్త ప్లగ్‌కి జానెడు రబ్బరు పైపు తొడిగి చేత్తో తిప్పండి. మర అడ్డంగా పడితే పైపు జారుతుంది, హెడ్ బతికిపోతుంది. పానా మొదటే పట్టొద్దు. చేత్తో పూర్తిగా బిగిశాక, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌కి ఇంకో అర చుట్టు చాలు. బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లో ఉన్న అంకెకే బిగించండి. మరలకి గ్రీజు రాయకండి, జారుడు వల్ల తెలియకుండానే అతిగా బిగిస్తారు.

నాలుగోగేరు:
ఇరీడియం సంగతి: పికప్ పెరుగుతుందని వేయించుకోవడం దండగ. లాభమల్లా సన్నటి మొన ఎక్కువ కాలం అరగకుండా ఉండటం, తక్కువ వోల్టేజ్‌కే స్పార్క్ రావడం. గ్యాస్ బండికి ఆ రెండోది పనికొస్తుంది. కానీ మరల సైజు, పొడవు, హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదులుతుందనే లెక్క) పాతదానికి సరిపోవాలి. ఎన్‌జీకే బ్రాండ్‌లో హీట్ రేంజ్ అంకె పెరిగితే చల్లటి ప్లగ్, బాష్‌లో పెరిగితే వేడి ప్లగ్. అంకె చూసి బ్రాండ్ మార్చేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఇరీడియం మొన పెళుసు, నాణెం లాంటి గేజ్‌ని గ్యాప్‌లో దూర్చి వంచబోతే విరుగుతుంది. కింద పడ్డ ప్లగ్‌ని కూడా వాడకండి, పింగాణీలో బీట కంటికి కనపడదు.

చిన్నబండి:
కాయిల్‌లు అటూఇటూ మార్చి చూశా, కోడ్ రెండో దాంట్లోనే ఉంది. ప్లగ్‌లు తీశాం. మొనలు మూడూ లేత బూడిద రంగు. రెండోదానికి మాత్రం తెల్ల పింగాణీ మీద, ఇనుప పానా పట్టు దగ్గర్నుంచి పైకి సన్నటి నల్ల గీత ఉంది, తుడిస్తే పోవట్లేదు. మూడింటికీ పట్టు పైన గోధుమ రంగు వలయం కూడా ఉంది. కంప్రెషన్ లీకవుతోందా?

పదహారు_పానా:
గోధుమ వలయం లీకేజీ కాదు. హై వోల్టేజ్ చుట్టూ గాలిలోని నూనె తుంపరలు, దుమ్ము అంటుకున్న మరక, వదిలేయండి. మొనల రంగు కూడా బాగానే ఉంది.

అసలు దొంగ ఆ నల్ల గీతే. గ్యాప్ దాటలేని కరెంటు పింగాణీ బయటి నుంచి బాడీకి దూకిన దారి అది. కాయిల్ కింద రబ్బరు బూట్‌ని తిరగేసి లోపల చూడండి, అదే వరసలో కాలిన గీత ఉంటుంది. ఆ బూట్ మార్చకుండా కొత్త ప్లగ్ పెడితే కొద్ది రోజుల్లోనే దానిమీదా అదే గీత పడుతుంది. ప్లగ్‌లు మూడూ మార్చండి, బూట్ మాత్రం కాలిన గీత ఉన్నది చాలు. విడిగా దొరక్కపోతే కాయిల్‌తో కలిపి. బూట్ లోపలి అంచుకి కరెంటు పారనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పలచగా రాయండి, లోపలి స్ప్రింగ్‌కి అంటకుండా.