ముసలి గుర్రం చిక్కిపోతోంది, దాణా పెంచాలా?

చేవెళ్ల_లాయం
రేసుల నుంచి దిగినవి, పెళ్ళి బారాత్‌లకు తిరిగి ఓపిక అయిపోయినవి మా దగ్గర ఉన్నాయి. అందులో పెద్దదానికి 24 ఏళ్ళు దాటాయి. దసరా నుంచి పక్కటెముకలు కనిపిస్తున్నాయి. రెండు పూటలా తవుడు, ఉలవలు, మిగతా టైమంతా సూపర్ నేపియర్ గడ్డి. దాణా ఇంకా పెంచమంటారా?

నాల్‌బంద్_కొడుకు
అన్నా, దాణా సంగతి తర్వాత. మేసినంక కింద చూడు. నమిలిన గడ్డి ఉండలుండలుగ పడి ఉన్నదా? ఉంటే పళ్ళ కథనే. గుర్రం పళ్ళు ఏండ్ల తరబడి పైకి వస్తనే ఉంటయి, ఒక్కతీరుగ అరగవు. అంచులు వాడియై చెంపలు, నాలుక కోసుకపోతయి. మత్తిచ్చి ఆకురాయితోని రాపియ్యాలె. ఇంత వయసుదానికి ఆర్నెల్లకోసారి చూపియ్యి. ఇక పళ్ళే ఊడిపోయినయంటే రాపిచ్చేదేముండది, నానవెట్టిన మేతనే.

అనంత_పశువైద్యం
పళ్ళ మాట నిజమే. నాకు మాత్రం తవుడు, నేపియర్ జోడీ చూసి గుండె గుభేలుమంది. నేపియర్‌లోని ఆక్సలేట్లు అనే లవణాలు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. తవుడులో చూస్తే ఫాస్ఫరస్ మరీ ఎక్కువ. ఆవు, గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను చాలావరకు విరగ్గొట్టేస్తాయి, గుర్రానికి ఆ అదృష్టం లేదు. దాంతో ఎముకల్లోని కాల్షియమే కరిగిపోతుంది. మొహం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది, పళ్ళు వదులవుతాయి. పాడిరైతు సలహా విని గుర్రాన్ని మేపేవాళ్ళు ఎంతమందో! తవుడు తగ్గించి లూసర్న్ గడ్డి కలపండి. మార్పు ఒక్కరోజులో వద్దు, వారం పది రోజుల్లో మెల్లగా చెయ్యండి, లేకపోతే కడుపునొప్పి వస్తుంది. లేత పచ్చిజొన్న జోలికి అసలు పోకండి.

డాలస్_సుబ్బు
ఇక్కడైతే బీట్ పల్ప్ (చక్కెర తీసిన బీట్ దుంప పిప్పి), ముసలి గుర్రాల దాణా అని విడిగా బస్తాల్లో దొరుకుతాయి. అక్కడ ఎండు లూసర్న్ సన్నగా కొట్టించి నానబెట్టండి. 400 కిలోల గుర్రానికి ఎండు లెక్కన రోజుకి 6 నుంచి 8 కిలోల మేత పడాలి. ఇంకోటి, ఎండాకాలం వచ్చినా ఒంటిమీద పొడుగు బొచ్చు రాలకపోతే కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బని అనుమానించండి. ఏసీటీహెచ్ రక్తపరీక్షలో తెలుస్తుంది. ఉంటే దానికి పెర్గోలైడ్ మాత్ర బతికినన్నాళ్ళూ వెయ్యాలి. అలాంటిదానికి బెల్లం పెడితే గిట్టలు వాస్తాయి.

చేవెళ్ల_లాయం
ఇప్పుడే వెళ్ళి చూశా, కిందంతా ఉండలే. లూసర్న్‌కి చెప్పేశాను. గుర్రాలు చూసుకునే మా సాయిసు తాతతో బెల్లం మాన్పించడమే కష్టం, జేబులోనే ఉంటుంది ఆయనకి.

మొయినాబాద్_పిల్ల
రేసు గుర్రం ఊరికే ఇస్తామంటున్నారు అంకుల్, తెచ్చుకోవచ్చా?

నాల్‌బంద్_కొడుకు
తెచ్చుకో చెల్లే, లెక్క ముందే ఏసుకో. రెండేండ్లకే పరుగు మొదలువెట్టి ఏడెనిమిదికి దిగుతది. ఆ తర్వాత ఇంకో 15, 20 ఏండ్లు నీదే భారం. గిట్టలకు కొట్టిన ఇనుప నాలాలు తీసేసినా ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కియ్యాలె.

అనంత_పశువైద్యం
గ్లాండర్స్ అనే అంటురోగం లేదని రక్తపరీక్షలో తేలేదాకా కొత్తదాన్ని మిగతావాటితో కట్టకండమ్మా. ఆ రోగం మనుషులకీ అంటుతుంది. ఇంకో మాట, వినడానికి బాగోదు. ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చిన గుర్రాన్ని బోరుకి దూరంగా, లోతుగా పూడ్చాలి. ఆ మందు మాంసంలో ఉండిపోతుంది, తిన్న కుక్కలూ గద్దలూ చస్తాయి. జేసీబీ ముందే మాట్లాడి పెట్టుకోండి, వానాకాలం అప్పటికప్పుడు దొరకదు.

చేవెళ్ల_లాయం
థాంక్స్ డాక్టరు గారూ. గుర్రం నోరు తెరిచి పట్టే సామాను ఉన్న డాక్టరెవరైనా చేవెళ్ల వైపు వస్తారా? తెలిస్తే ఇన్‌బాక్స్ చెయ్యండి.