స్టార్‌బేస్ నుంచి ఐదో తరగతి పిల్లకు మినహాయింపు ఎలా పొందాలి?

మా అమ్మాయి అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలో ఐదో తరగతి చదువుతోంది. అక్కడి రక్షణ శాఖ నిధులతో నడిచే స్టార్‌బేస్ కార్యక్రమం కోసం వచ్చే నెల నుంచి వారానికొక రోజు చొప్పున ఐదు వారాలు, మొత్తం 25 గంటలు, వాళ్ల తరగతిని దగ్గరలోని నేషనల్ గార్డ్ స్థావరానికి తీసుకెళ్తారు. అక్కడ నేర్పే గణితం, సైన్సు ప్రయోగాలు మంచివే. అయితే పదేళ్ల పిల్లలకు ఆ పాఠాలు సైనిక స్థావరంలోనే చెప్పడం నాకు సమ్మతం కాదు.

బడి పంపిన అనుమతి పత్రంలో సంతకానికి గీత ఉంది కానీ, వద్దనుకునేవారు గుర్తు పెట్టే గడి లేదు. టీచరుకు రెండుసార్లు ఈమెయిల్ రాశాను. ప్రిన్సిపాల్‌ను కలిస్తే, ఇది సైన్సు పాఠాల్లో భాగమేనని, రాని రోజులకు గైర్హాజరు వేస్తామని మర్యాదగానే చెప్పారు. సైనిక నియామక అధికారులకు పిల్లల వివరాలు ఇవ్వవద్దని కోరే హక్కు సమాఖ్య చట్టంలో ఉందని తెలిసి చదివితే, అది హైస్కూలు స్థాయి విద్యార్థులకు సంబంధించినదని తేలింది. పాఠశాల జిల్లా కార్యాలయానికి రాసి 12 రోజులైనా జవాబు లేదు.

గైర్హాజరు పడకుండా, ఆ ఐదు రోజులూ బడిలోనే వేరే పాఠం చెప్పించుకోగలిగిన తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే, ఆ వినతిపత్రం ఎవరి పేరిట, ఏమని రాశారో దయచేసి చెప్పగలరా?