పోలార్డ్ రో కోడ్ ఆగకుండా తిరుగుతా ఉంది, ఏంటికి?

అనంతపురం నుంచి:
అన్నా, పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టే పోలార్డ్ రో పద్ధతిని సీ ప్లస్ ప్లస్‌లో రాసినా. చిన్న సంఖ్యలకు బాగుంది. 18 అంకెలదిస్తే, అడుగడుగునా వర్గం చేసి స్థిరాంకం కలిపే విలువ ఎక్స్ మైనస్‌లోకి పోతుంది, ఒక్కోసారి ఆగనే ఆగదు. యాడ తప్పు?

కర్నూలు నుంచి:
ఎక్స్ వర్గం 36 అంకెల దాకా పోతుంది, 64 బిట్లలో పట్టదు. గుణకారం 128 బిట్లలో చేసి, ఆనక శేషం తీయి. ఆగకపోతే, ఇచ్చింది ప్రధాన సంఖ్యేమో ముందు మిల్లర్-రాబిన్‌తో చూసుకో. గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) నువ్విచ్చిన సంఖ్య ఎన్‌కే సమానమైతే ఆ స్థిరాంకం మార్చి మళ్లీ మొదలుపెట్టు.

కడప నుంచి:
రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధంతో సందేశాలను దాచే ఆర్ఎస్ఏ తాళాల మీద రో చాలదబ్బా. 250 అంకెల ఆర్ఎస్ఏ-250ని 2020లో విడగొట్టింది నంబర్ ఫీల్డ్ సీవ్ అనే ఇంకో పద్ధతి. కానీ రెండు ప్రధాన సంఖ్యలూ మరీ దగ్గరగా ఉంటే 2048 బిట్లున్నా సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాసే ఫెర్మా పద్ధతికే దొరికిపోతాయి. 8051 చూడు: 90 వర్గం 8100, తేడా 49, అంటే 7 వర్గం. 90లో 7 తీస్తే, కలిపితే 83, 97 బయటపడినాయి!