సంతలో కొన్న కూరగాయలు వారమంతా ఎలా నిలబెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఐదుగురం, ఫ్రిజ్ లేదు. కూరగాయలకి వారానికి 400 రూపాయలకు మించి పెట్టలేను. సంతకి పొద్దుగూకే వేళ వెళ్తే రేటు తగ్గించి ఇస్తారు, సంచి నిండుతుంది. కానీ మూడో రోజుకే సగం పాడైపోతున్నాయి. నిన్న తోటకూర కట్ట విప్పితే లోపలి ఆకులన్నీ జిగురుజిగురుగా అయిపోయి ఒకటే వాసన. బుట్ట అడుగున టమాటాలు చితికి నీరు కారుతున్నాయి. పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

ఆకుకూర తడిగుడ్డలో చుట్టి చూశాను, ఈ వానాకాలం తేమకి ఇంకా త్వరగా కుళ్లింది. కంద, గుమ్మడి నిలుస్తాయి గానీ పిల్లలు రోజూ అవే తినరు కదా. అన్నం మిగిలితే బెంగ లేదు, మా అత్తగారు తరవాణి కుండలో (అన్నం, గంజి పులియబెట్టే కుండ) వేసేస్తారు. రేషన్ బియ్యానికి మాత్రం వేపాకు వేసినా ముక్కపురుగు పడుతోంది. ఎండబెడదామంటే ఎండే లేదు.

పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, రెండింటి మధ్య తడి ఇసుక పోసి, లోపలి కుండలో కూరగాయలు చల్లగా ఉంచుతారట. గోదావరి జిల్లాల్లో ఎవరైనా వాడారా? ఇంత తేమలో పనిచేస్తుందా? సంత నుంచి తెచ్చాక ఏవి ముందు వండుతారు, ఏవి ఆఖరికి ఉంచుతారు? మీ ఇంట్లో చేసేది చెప్పండి, దయచేసి.