రక్తం కారుతున్న మనిషికి హెపారిన్ ఎందుకిచ్చారు?

నీలిగాజు: మా అన్నయ్యకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ముదిరి సెప్సిస్ అయింది. సూది గుచ్చిన ప్రతిచోటా రక్తం ఊరుతోంది, చిగుళ్ల నుంచీ. ప్లేట్‌లెట్లు 28 వేలు. డీఐసీ అన్నారు, అంటే రక్తం గడ్డకట్టే తీరు ఒళ్లంతా అదుపు తప్పడమట. అలాంటి మనిషికి రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఎక్కించారు. తప్పు కాదా?

మూడోకన్ను: ముమ్మాటికీ తప్పే. అగ్నికి ఆజ్యం పోయడమే.

ల్యాబ్‌మాస్టారు: తొందరపడకండి. డీఐసీలో ముందు ఒళ్లంతా సన్నటి నాళాల్లో చిన్న చిన్న గడ్డలు కడతాయి. ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్, గడ్డకట్టించే మిగతా ప్రొటీన్లు వాటికే ఖర్చయిపోతాయి. ఇక సూది బెజ్జం పూడ్చడానికి కూడా ఏమీ మిగలదు. అందుకే ఒకే ఒంట్లో ఒకచోట గడ్డ, ఇంకోచోట ధార. అప్పుడు కాలివేళ్లు ఎలా ఉన్నాయి?

నీలిగాజు: నీలంగా. తర్వాత నల్లబడ్డాయి. నేనడిగింది రక్తం గురించి.

ల్యాబ్‌మాస్టారు: నల్లబడింది గడ్డల వల్లే. హెపారిన్ ఆలోచన అక్కడే వచ్చుంటుంది. గట్టిగా రక్తం పోతుంటే మాత్రం ఇవ్వడానికి వెనకాడతారు. ఏది ఎక్కువుందో మంచం పక్కనున్న డాక్టరే తేల్చాలి.

మూడోకన్ను: 28 వేలకు ప్లేట్‌లెట్లైనా ఎక్కించారా?

చిట్టిగువ్వ: మా పిన్నికి కాన్పుకు ముందే మాయ విడిపోయి ఇదే వచ్చింది. బిడ్డను, మాయను తీశాక తగ్గింది.

ల్యాబ్‌మాస్టారు: అదీ అసలు మాట. డీఐసీ దానంతటది రాదు. సెప్సిస్, మాయ విడిపోవడం, పెద్ద గాయాలు, ఏపీఎల్ అనే ఒక రకం రక్త క్యాన్సర్... మూలం లొంగితేనే ఇదీ లొంగుతుంది. ప్లేట్‌లెట్లు వట్టి అంకె చూసి ఎక్కించరు. రక్తం పోతూ 50 వేల లోపుంటే ఎక్కిస్తారు.

నీలిగాజు: పాఠాలు చాలు మాస్టారూ! మా అన్నయ్యకు రెండు వేళ్లు తీసేశారు.

ల్యాబ్‌మాస్టారు: ఆ వేళ్లు పోయింది హెపారిన్ వల్ల కాదమ్మా. అది ఒప్పుకోండి.

నీలిగాజు: తెలుసు! అర్ధరాత్రి కాగితమిచ్చి ‘ఇక్కడ సంతకం’ అన్నారు. పెన్ను రాయకపోతే అరచేతిలో గీకి గీకి పెట్టాను. అది మందుకో, వేళ్లకో ఎవరూ చెప్పలేదు. ఎందుకు ఒప్పుకున్నావని అన్నయ్య ఇప్పుడు నన్నడుగుతున్నాడు.

ల్యాబ్‌మాస్టారు: అలాంటి రాత్రి గంటగంటకూ రిపోర్టులు మారిపోతాయి. కూర్చోబెట్టి చెప్పే వ్యవధి ఉండదు.

నీలిగాజు: మీరు పైన నాలుగు ముక్కల్లో చెప్పారుగా, అన్నీ గడ్డలకే ఖర్చయిపోతాయని! ఎంతసేపు పట్టింది?

మూడోకన్ను: ఈ మాటకు జవాబు చెప్పండి మాస్టారూ.

ల్యాబ్‌మాస్టారు: చెప్పాల్సింది. దాన్ని నేను సమర్థించను.

చిట్టిగువ్వ: అన్నయ్యగారు నడుస్తున్నారా?

నీలిగాజు: గోడ పట్టుకుని.

ల్యాబ్‌మాస్టారు: ఆ నాలుగు ముక్కలూ ఆయనకు చదివి వినిపించండమ్మా. ఇంకేమైనా అడిగితే ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను.