యాక్టివ్‌కి మారాలా, పాసివ్ చాలా?

ప్రశ్న: కారు ముందు డోర్లలో 6.5 అంగుళాల కాంపొనెంట్ సెట్ (సన్నని శబ్దాలకి ట్వీటర్, మిగతావాటికి మిడ్, రెండూ విడివిడి స్పీకర్లు), దాంతో వచ్చిన పాసివ్ క్రాసోవర్లు (ఆంప్ తర్వాత శబ్దాన్ని ఆ రెండిటికీ పంచే ఫిల్టర్ డబ్బాలు), 4 ఛానల్ ఆంప్ ఉన్నాయి. వెనక స్పీకర్లు తీసేసి ముందువి యాక్టివ్‌గా (ఆంప్‌కి ముందే పంచి, ఒక్కో స్పీకర్‌కి ఒక్కో ఛానల్ ఇచ్చి) నడిపితే తేడా తెలుస్తుందా? ట్వీటర్లు కాలిపోతాయేమోనని భయం.

జవాబు 1: డీఎస్‌పీ (శబ్దాన్ని డిజిటల్‌గా సరిచేసే పరికరం) ఉంటే బాగా తెలుస్తుంది. శబ్దం 34 సెంటీమీటర్లకి సుమారు 1 మిల్లీసెకను తీసుకుంటుంది. ట్వీటర్ పైన, మిడ్ కింద ఉన్నప్పుడు ఆ తేడాని విడివిడిగా సరిచేయడం పాసివ్‌తో అయ్యే పని కాదు. డీఎస్‌పీ లేకపోతే మాత్రం ఉన్నదాన్ని కదపకండి.

జవాబు 2: ట్వీటర్లు పోయేది ఎక్కువగా మొదటిసారి ఆన్ చేసినప్పుడే. హై‌పాస్ (కింది శబ్దాలని ఆపే ఫిల్టర్) పెట్టకుండా, లేదా ఛానల్ తారుమారై బాస్ అంతా దానికే వెళ్తుంది. ముందు ట్వీటర్ ఛానల్‌కి హైపాస్ 3500 హెర్ట్జ్, 24 డీబీ స్లోప్ (కోత ఎంత నిటారుగా ఉండాలో) సేవ్ చేయండి. ఆ ఛానల్‌ని మిడ్‌కి కలిపి, బాస్ రావట్లేదని విన్నాకే ట్వీటర్‌కి మార్చండి. ట్వీటర్ వైరులో 47 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ కెపాసిటర్ సిరీస్‌లో వేయండి. 4 ఓమ్‌లకి అది 850 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది కాబట్టి మీ ట్యూనింగ్‌కి పెద్దగా అడ్డురాదు.

జవాబు 3: పాత పాసివ్ డబ్బాలు పూర్తిగా తీసేయండి. పాసివ్, యాక్టివ్ రెండు ఫిల్టర్లూ కలిస్తే ఫేజ్ (రెండు స్పీకర్ల శబ్ద తరంగాల పొందిక) గందరగోళమే.