తెలుగులో పేరు రాస్తే ఫారం ఒప్పుకోవడం లేదు

గోదారిగట్టు:
మా ఊరి గ్రంథాలయం కోసం సభ్యత్వ ఫారం ఒకటి వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో తయారు చేస్తున్నాను. పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, పిన్‌కోడ్, ఫోటో, అంతే. పేరు గడికి మొదట ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఒప్పుకునే ప్యాటర్న్ (గడిలో ఏం రాయవచ్చో చెప్పే నియమం) ఉండేది. తెలుగు పేర్లు కూడా వెళ్లాలని దాన్ని యూనికోడ్ (అన్ని భాషల లిపి గుర్తులకు సంఖ్యలిచ్చే ప్రమాణం) పద్ధతికి మార్చాను: బ్యాక్‌స్లాష్, పీ, మీసాల బ్రాకెట్లలో ఎల్. ఇప్పుడు 'రమ' వెళ్తోంది, 'లక్ష్మి' వెళ్లడం లేదు. కారణం ఎవరైనా చెప్పగలరా?

కోడ్‌కాపరి:
ఎల్ అంటే యూనికోడ్‌లో అక్షరాలు మాత్రమే. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అందులోకి రావు, అవి 'ఎం' అనే వేరే జాతి. 'రమ'లో తలకట్టు తప్ప ఏమీ లేదు కాబట్టి గట్టెక్కింది. 'లక్ష్మి'లో రెండు పొల్లులు, ఒక గుడి ఉన్నాయి. ఎల్‌తో పాటు ఎం కూడా చేర్చితే వెళ్తుంది. కానీ 'జాన్‌సన్' అని ఎవరైనా రాస్తే మళ్లీ ఆగిపోవచ్చు. నకారప్పొల్లు విడిగా నిలబడడానికి కీబోర్డు అక్కడ కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడుతుంది, అది ఎల్ కాదు, ఎం కూడా కాదు. ఆ తర్వాత పొడి అక్షరాల పక్కన చుక్క, రెండు మాటల మధ్య ఖాళీ... ఎన్నని చేరుస్తారు? నా మాట వింటే పేరుకు ప్యాటర్న్ తీసేయండి. ఖాళీగా వదలకూడదని చెప్పే రిక్వైర్డ్ ఒక్కటి చాలు. ఎవరి పేరు ఎలా ఉండాలో మన ఫారం తేల్చనక్కర్లేదు.

ఓరుగల్లు వెబ్:
ప్యాటర్న్ తీసేసినా, గడిలో పట్టే నిడివికి హద్దు పెట్టే మ్యాక్స్‌లెంగ్త్ ఉందేమో చూడండి. అది లెక్కపెట్టేది మనం పలికే అక్షరాలను కాదు, యూటీఎఫ్-16 (కంప్యూటరు రాతను దాచుకునే ఒక పద్ధతి) ముక్కలను; గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కోటి విడి ముక్కే. 'వెంకటలక్ష్మీనరసింహారావు' కంటికి 11 అక్షరాలు, బ్రౌజర్‌కు 23. మ్యాక్స్‌లెంగ్త్ 20 అని పెట్టారంటే ఆ పెద్దమనిషి '...సింహార' దగ్గర ఆగిపోతారు, ఎందుకు ఆగిందో ఫారం చెప్పదు. డేటాబేస్‌లో గడి వెడల్పును బైట్లలో లెక్కించేవాటితో ఇంకా జాగ్రత్త. యూటీఎఫ్-8 అనే మరో పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్కకు మూడు బైట్లు, అంటే అదే పేరుకు 69.

డాలస్ బాబాయి:
పేరు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఎక్కడో దొరికిన నమూనా తెచ్చి ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు మాత్రం పెట్టకండి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరు పొడి అక్షరంతో సరిపెడతారు, కొందరు అసలు రాయరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన వారికి అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు చోట చేరి, అసలు పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఆ మూడక్షరాలే తన పేరు అన్నట్టు బ్యాంకులో పిలిపించుకున్న మనవాళ్లు ఇక్కడ ఉన్నారు. 'పూర్తి పేరు' అని ఒకే గడి పెట్టండి.

గోదారిగట్టు:
బాబాయి గారూ, సరిగ్గా రెండు గడులే ఉన్నాయి! ఒకటి చేస్తాను. ఫోను, పిన్‌కోడ్ రెండింటికీ టైప్ (గడి రకం) నంబర్ అని ఇచ్చాను, అది సరే కదా?

కోడ్‌కాపరి:
సరి కాదండీ. కూడికలు తీసివేతలు చేసే సంఖ్యలకే టైప్ నంబర్. పిన్‌కోడ్‌ను ఎవరు కూడుతారు? దానిలో మ్యాక్స్‌లెంగ్త్ పనిచేయదు, 1ఈ5 (1 పక్కన ఐదు సున్నాలు) అని రాసినా లక్ష అనుకుని ఊరుకుంటుంది, గడిలో ఉండగా మౌస్ చక్రం తిప్పితే కొన్ని బ్రౌజర్లలో అంకె మారిపోతుంది కూడా. ఫోనుకు టైప్ టెల్ ఇవ్వండి. పిన్‌కోడ్‌కు టైప్ టెక్స్ట్, ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ ఇస్తే మొబైల్‌లో అంకెల కీబోర్డే వస్తుంది. ఇక్కడ ప్యాటర్న్ పెట్టుకోవచ్చు: మొదటిది 1 నుంచి 9, తర్వాత ఏవైనా ఐదు అంకెలు.

బడిపంతులు:
తెలుగు కీబోర్డుతో ౫౩౩ అని తెలుగు అంకెలు కొట్టేవారు మా పెద్దవాళ్లలో ఉన్నారు. బ్రౌజర్ ప్యాటర్న్ వాటిని అంకెలుగా లెక్కించదు. సర్వర్ (ఫారం చేరే కంప్యూటరు) వైపు పైథాన్ భాష అయితే దాని ఇంట్ ఫంక్షన్ వాటిని చక్కగా 533 చేసి ఇస్తుంది. కాబట్టి నేనైతే బ్రౌజర్‌లో వదిలేసి సర్వర్‌లో చూసుకుంటాను. ఎలాగూ సర్వర్‌లో మళ్లీ సరిచూడక తప్పదు, బ్రౌజర్ తనిఖీని దాటుకుని పంపడం చిన్న పని.

ఓరుగల్లు వెబ్:
తేదీ గురించి ఎవరూ అనలేదు. టైప్ డేట్ పంపేటప్పుడు ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరుసలోనే పంపుతుంది. కానీ తెరపై చూపించేది వాడేవారి పరికరం భాషను బట్టి ఉంటుంది. ఒకరికి రోజు ముందు, ఇంకొకరికి నెల ముందు.

బడిపంతులు:
అది చిన్న సంగతి. 1950లో పుట్టినవారు ఫోనులో క్యాలెండరు తెరిచి ఒక్కో నెలా వెనక్కి జరుపుకుంటూ పోవడం చూస్తే తెలుస్తుంది బాధ. పైన సంవత్సరం మీద నొక్కితే జాబితా వస్తుందని వారికి ఎవరు చెప్పాలి? పుట్టిన తేదీకి రోజు, నెల, సంవత్సరం మూడు గడులు పెట్టండి.

ఓరుగల్లు వెబ్:
మూడు గడులైతే ఫిబ్రవరి 30 వస్తుంది, దాన్ని పట్టుకునే పని మనదే అవుతుంది. అయినా పుట్టిన తేదీ మటుకు మీతో ఏకీభవిస్తాను. సమావేశం తేదీ లాంటి దగ్గరి తేదీలకు క్యాలెండరే మేలు.

నల్లమల:
గడిలో లేత రంగు ప్లేస్‌హోల్డర్ (నమూనా మాట) ఉంది కదా అని లేబుల్ (గడి పక్కన ఉండే పేరు) మానేయకండి. రాయడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది, ఆ తర్వాత ఏ గడిలో ఏం అడిగారో గుర్తుండదు. నేను తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో ఫోను వాడతాను. లేబుల్ లేని చాలా ఫారాల్లో నాకు వినిపించేది 'రాసే గడి, ఖాళీ' అని మాత్రమే. లేబుల్‌లో ఫర్, గడిలో ఐడీ, రెండింటికీ ఒకే పేరు ఇస్తే ఆ లేబుల్ ఆ గడిదేనని తెలుస్తుంది. ఒకటే ఎంచుకునే రేడియో బటన్లయితే వాటిని కలిపి ఉంచే ఫీల్డ్‌సెట్‌లో చుట్టి, దాని శీర్షిక అయిన లెజెండ్‌లో ప్రశ్న రాయండి. లేకపోతే 'అవును', 'కాదు' అని వినిపిస్తుంది, దేనికి అవునో తెలియదు.

గోదారిగట్టు:
నల్లమల గారూ, లేబుళ్లు ఈ రాత్రికే పెడతాను. పేరు ప్యాటర్న్ తీసేశాను, 'లక్ష్మి' వెళ్లింది. ఇక ఒకటి మిగిలింది: ఫారం పంపే పద్ధతి, అంటే మెథడ్, పోస్ట్ అనే ఉంది, అయినా ఫోటో రావడం లేదు. సర్వర్‌కు ఫైలు పేరు మాత్రం చేరుతోంది.

కోడ్‌కాపరి:
ఫారం ట్యాగ్‌లో, పంపే డేటా ఏ రూపంలో ఉండాలో చెప్పే ఎన్‌క్‌టైప్‌కు మల్టీపార్ట్ ఫారం-డేటా అని ఇవ్వలేదన్నమాట. అది లేకపోతే వెళ్లేది ఫైలు పేరే. ఫైలు గడికి యాక్సెప్ట్‌లో బొమ్మలు మాత్రమే అని చెప్పండి. క్యాప్చర్ మాత్రం పెట్టకండి. అది ఉంటే చాలా ఫోన్లు నేరుగా కెమెరా తెరుస్తాయి, గ్యాలరీలో ఉన్న పాస్‌పోర్టు ఫోటో ఎంచుకోవడానికి దారి ఉండదు.